వెయ్యికి మూడు

వెయ్యి పంపితే మూడు వచ్చాయి.

కృష్ణప్రియ తెర మీది అంకె వైపు రెండోసారి చూడలేదు. నాలుగు రోజులుగా ఇదే వరస. మొన్న రెండు, నిన్న నాలుగు, ఈరోజు మూడు. దసరా సెలవులకు ముందు ఇదే గదిలో, ఇంతే దూరం నుంచి, వెయ్యికి తొమ్మిది వందల తొంభై నాలుగు అందేవి.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వెనక గల్లీలో ఒక ఐదంతస్తుల భవనం. కింద టిఫిన్ సెంటరు, పైన అమ్మాయిల హాస్టలు, మధ్యలో మూడో అంతస్తు వాళ్ల ఆఫీసు. మొత్తం పద్నాలుగు మంది. వాళ్లు తయారుచేస్తున్నది ఒకే ఒక్క వస్తువు. వాన పడ్డప్పుడు రైలు వంతెనల కింద రోడ్డు మీద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో కొలిచి, రేడియో ద్వారా కబురు పంపే పరికరం. ఆ కబురు సకాలంలో అందితే పోలీసులు దారి మూసేస్తారు. అందకపోతే ఏదో ఒక కారు తెలియక ఆ నీళ్లలోకి దిగుతుంది.

ఒక్కో కబురూ చిన్న ఉత్తరం లాంటిది. మొదట ఒక గుర్తు, తర్వాత పంపిన పరికరం నంబరు, నీళ్ల ఎత్తు, చివర్లో సరిచూసుకోవడానికి ఒక అంకె. ఆ చివరి అంకె కలవకపోతే ఉత్తరాన్ని చింపి పారేయాల్సిందే. ఈ ఉత్తరాన్నే ప్యాకెట్ అంటారు. పంపే ప్రోగ్రాం ఓంకార్ రాశాడు. అందుకునే ప్రోగ్రాం కృష్ణప్రియది. ఇద్దరి దగ్గరా అరచేతి వెడల్పు రేడియో పెట్టె ఒక్కొక్కటి ఉంది. మామూలు రేడియోలా కాదు, ఇవి గాలిలోని తరంగాలను అంకెలుగా మార్చి ల్యాప్‌టాప్‌కు అందిస్తాయంతే. ఆ అంకెల్లోంచి ఉత్తరాన్ని వెతికి పట్టుకోవడం అంతా ప్రోగ్రాం పని. అంటే ఉత్తరం దొరక్కపోతే అందరూ చూసేది ప్రోగ్రాం రాసిన మనిషి వైపే.

పదకొండు గంటలకు ఆదర్శ్ వచ్చాడు. కంపెనీ అతనిదే. కాకినాడ మనిషి, ముప్పై ఆరేళ్లు. గొంతు పెంచడు. పెంచితే బాగుండునని అప్పుడప్పుడు ఆఫీసులో అనుకుంటారు.

"కృష్ణప్రియ గారూ, నాలుగు గంటలకి నేను రెడీమేడ్ రిసీవర్ ఆర్డర్ పెట్టేస్తానండి. దాని లోపల ఏముందో మనకి తెలీదు. కానీ పనిచేస్తుందంట."

"మరి నా ప్రోగ్రాం?"

"పక్కన పెడదాం. మీరు టెస్ట్ రిపోర్టుల వైపు వెళ్దురుగాని. గురువారం క్లయింట్ వంతెన దగ్గరికి వస్తున్నారు. నాకు వేరే దారి లేదండి."

ఏడు నెలల పని. కృష్ణప్రియ కుర్చీ అతని వైపు తిప్పింది. "నాలుగులోపు పనిచేస్తే?"

"పనిచేస్తే చాలదండి. ఎందుకు ఆగిందో, మళ్లీ ఎందుకు నడిచిందో కాగితం మీద కావాలి. దానంతట అదే బాగైందంటే నేను ఒప్పుకోను. ఇక్కడ దానంతట అదే బాగైనది, వంతెన కింద దానంతట అదే ఆగిపోతుంది."

అతను వెళ్లాక వరండా చివరి గదిలోంచి ఓంకార్ తల బయటపెట్టాడు. సిద్దిపేట కుర్రాడు. ఎంత కష్టంలోనైనా ఒక వెటకారం మిగుల్చుకుంటాడు.

"ఏంది ప్రియా, టైము చెప్పిండా?"

"నాలుగు."

"అయితే ఇంకా చాయ్ తాగే టైముంది. ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోవు కదా?"

"తెచ్చుకుంట. చెప్పు."

"పాత ప్రోగ్రాం పెట్టి చూడరాదు? సెలవులల్ల నేను ల్యాప్‌టాప్ ముట్టుకోలే. మా అత్తగారింట్ల మటన్ తప్ప ఏం ముట్టుకోలే. మార్చింది నువ్వొక్కదానివే."

అది నిజం. నాలుగు రోజులుగా ఆమె చుట్టూ తిరుగుతూ, ఆమె మాత్రం చూడనట్టు నటిస్తున్న నిజం. బతుకమ్మ ఆడి వచ్చి, పండగ వంటలు తిని, బాచుపల్లిలో ఇంటి డాబా మీద కూర్చుని ఐదు రోజులు కష్టపడింది. ప్యాకెట్ మొదటి గుర్తును వెతికే భాగం మొత్తం తిరగరాసింది. వెయ్యికి ఆరు తప్పిపోతున్నాయని ఆ ఆరింటి కోసం అంత తాపత్రయం. తీరా సెలవులయ్యాక మూడు మిగిలాయి. పాతదాన్ని వెనక్కి తీసుకురావడం రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాల తర్వాత ఐదు రోజుల పని తప్పని ఒప్పుకోవాలి. అందుకే ఈ నాలుగు రోజులూ కొత్త ప్రోగ్రాంలోనే దోషం వెతుకుతూ వచ్చింది.

"సరే," అంది. పాతది పెట్టింది. "పంపు."

సెకనుకు రెండు చొప్పున వెయ్యి పంపడానికి ఎనిమిది నిమిషాల పైన పడుతుంది. ఆ ఎనిమిది నిమిషాలూ కృష్ణప్రియ కిటికీలోంచి కింద టిఫిన్ సెంటరు ముందు ఆగుతున్న క్యాబులను లెక్కపెట్టింది. వెనక్కి తిరిగి చూసేసరికి తెర మీద అంకె సిద్ధంగా ఉంది.

రెండు.

ముందు ఊపిరి తేలికైంది. తన ఐదు రోజులూ తప్పు కాదు. ఆ తేలిక పూర్తిగా అనుభవించకముందే రెండో ఆలోచన వచ్చింది. తప్పు తనదైతే కనీసం ఎక్కడ వెతకాలో తెలిసేది. ఇప్పుడు అదీ లేదు.

"నీ పాతది కూడా పెట్టు," అంది.

"నాది పాతదే. కొత్తదెక్కడిది?"

"అయితే పెట్టె తీసుకొని నా దగ్గరికి నడిచి రా. పంపుకుంటనే రా."

ఓంకార్ ఒక చేతిలో ల్యాప్‌టాప్, దాని మీద రేడియో పెట్టె పెట్టుకుని వరండాలో పెళ్లి ఊరేగింపులా నెమ్మదిగా నడిచాడు. ప్యాంట్రీ దాటాక ప్యాకెట్లు ఒకటీ అరా కనిపించాయి. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సగం అందుతున్నాయి. ఆమె బల్ల మీద పెట్టగానే ఒక్కటీ తప్పిపోలేదు. పెట్టె పక్కన పెట్టె, మూర దూరంలో, ఇద్దరు స్నేహితుల్లా గలగలా మాట్లాడుకుంటున్నాయి. తిరిగి వరండా చివరికి వెళ్లగానే మళ్లీ మౌనం.

కృష్ణప్రియ కాగితం మీద రాసుకుంది. పంపడం తెలుసు. వినడం తెలుసు. దూరం మాత్రం పనికిరావడం లేదు.

"చెవుడు," అన్నాడు ఓంకార్ తిరిగి వచ్చి. "మా తాతకు గిట్లనే ఉండె. పక్కన కూర్చుంటే అన్ని వినబడేవి, వాకిట్ల నుంచి పిలిస్తే పలికేటోడు కాదు."

"తాతకు మిషను పెట్టించిర్రా?"

"పెట్టించినం. అప్పుడు ఫ్యాన్ చప్పుడు కూడా వినబడుతుందని తీసి పారేసిండు."

ఆమె చేసింది కూడా అదే. రిసీవర్ వినికిడిని పెంచింది. ఉత్తరాలతో పాటు గాలిలోని హోరు కూడా అంతే పెరిగింది. అంకె మూడు నుంచి ఐదుకు వెళ్లి అక్కడ ఆగిపోయింది. ఎదురు భవనం మీద ఎవరైనా కొత్త టవరు పెట్టారేమో, దాని అరుపులో తమ మాట మునిగిపోతోందేమో అనుకుని ఆ తరంగాల బొమ్మను తెర మీద తెరిచి చూసింది. బొమ్మ ఖాళీ మైదానంలా ఉంది. ఎవరూ అరవడం లేదు. ఒక పెట్టె చెడిందేమోనని రెండింటినీ తారుమారు చేశారు. ఉన్నవాటిని ఉన్నట్టే ఎత్తి, అటుది ఇటు, ఇటుది అటు పెట్టారు. తేడా లేదు. రెండు పెట్టెలూ ఒకేసారి చెడడం జరగని పని. ప్రోగ్రాములు రెండూ పాతవే. గది పాతదే. దూరం పాతదే.

మధ్యాహ్నం రెండున్నర. అన్నం డబ్బా మూత తెరవలేదు.

ఒకప్పుడు నడిచింది, ఇప్పుడు నడవడం లేదు. మధ్యలో ఏదో మారింది. ఏది మారిందో తనకు తెలుసని అనుకుంది కాబట్టే నాలుగు రోజులు మిగతాది ఏదీ చూడలేదు. ఈ మాట మనసులో పడ్డాక కృష్ణప్రియ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి ఊరికే కూర్చుంది. రేడియో పెట్టె మీద పసుపు రాసి పెట్టిన కుంకుమ బొట్టు ఎండి, అంచుల్లో రాలుతోంది. దాని పక్కన నల్లటి యాంటెనా కొద్దిగా వంగి ఉంది. అలవాటుగా వేలితో సరిచేసింది. ఈ నాలుగు రోజుల్లో పదిసార్లైనా అలాగే సరిచేసి ఉంటుంది.

మూడు గంటలకు భాగ్యమ్మ చాయ్ తెచ్చింది. ఆమె ఇల్లు గోపన్‌పల్లిలో. ఏజెన్సీ తరఫున ఇక్కడ ఊడ్వడం, తుడవడం, చాయ్ పెట్టడం ఆమె పని. ఏడాదిగా వస్తోంది. ఈరోజు ముఖం గంటు పెట్టుకుని ఉంది.

"ఏమైంది అక్కా?"

"ఏం గావాలె బిడ్డా. మీటింగు రూముల కూసున్న సార్లు నా మీద గరమైతున్నరు. నెట్ వస్తలేదంట. దసరా కాడికెల్లి గిదే లొల్లి. నెట్ రాకపోతే నన్నెందుకు అడుగుతరు? నేను చాయ్ పోస్త, నెట్ పోస్తనా?"

ఓంకార్ నవ్వాడు. కృష్ణప్రియ నవ్వలేదు. చాయ్ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది.

"ఎప్పటి నుంచి అన్నవ్?"

"దసరా కాడికెల్లి. పూజ చేసిన్రు గదా, గప్పటి సంది."

పూజ. సెలవులకు ముందు రోజు మీటింగు గదిలో పొడుగాటి బల్ల మీద ఆఫీసులోని ప్రతి పరికరాన్నీ వరుసగా పెట్టారు. ల్యాప్‌టాపులు, స్క్రూడ్రైవర్లు, టంకం పెట్టే కడ్డీలు, రేడియో పెట్టెలు. కొబ్బరికాయ ఆదర్శే కొట్టాడు. యాంటెనాలు ఉంటే పెట్టెలు ఒరిగిపోతున్నాయని, బొట్టు పెట్టడానికి అడ్డం వస్తున్నాయని ఎవరో అన్నారు. ఎవరో కాదు. కృష్ణప్రియే. తన గొంతు తనకే వినబడింది. "అక్కా, ఈ కర్రలన్ని తీసి పళ్లెంల పెట్టు. అయిపోయినంక మళ్ల పెడుదువు." అప్పుడే ఓంకార్ గోడ మీది వైఫై రూటర్‌ను కూడా ఊడదీసి తెచ్చాడు. "దీనికి కూడా బొట్టు పెట్టుర్రి. పూజ అవసరమైన పెట్టె ఇదొక్కటే," అన్నాడు. దాని రెండు యాంటెనాలూ అదే పళ్లెంలోకి వెళ్లాయి. అందరూ నవ్వారు. హారతి అయిందో లేదో ఒక్కొక్కరూ సంచులు భుజాన వేసుకున్నారు. ఓంకార్‌కు సిద్దిపేట బస్సు. ఆమెకు బతుకమ్మ పేర్చడానికి తంగేడు పూలు కొనాలి. వెనక మిగిలింది భాగ్యమ్మ, పూలరెక్కలు పడ్డ స్టీలు పళ్లెం, అందులో నాలుగు నల్ల కర్రలు.

"అక్కా, పూజ అయినంక ఈ కర్రలు నువ్వే పెట్టినవా?"

భాగ్యమ్మ ట్రే బల్ల మీద పెట్టేసింది. "నువ్వే పెట్టమన్నవ్ గదా బిడ్డా."

"నేనే అన్న. పరేషాన్ గాకు. ఏది దేనికి పెట్టినవో యాదికుందా?"

"అన్ని ఒక్క తీర్గనే ఉండె. నల్లగ, పొడుగ్గ. చేతికొచ్చింది పెట్టిన. మీ పెట్టెలకు మంచిగ పట్టినయి. నెట్ పెట్టెకే సరిగ్గ పట్టలే. ఎంత తిప్పినా లూజుగనే ఉండె. గందుకే పూజ దారం చుట్టిన."

కృష్ణప్రియ రేడియో మీది యాంటెనాను విప్పింది. నాలుగు చుట్లకు ఊడి వచ్చింది. దాని అడుగు భాగాన్ని కిటికీ వెలుతురుకు పట్టింది. నడుమ సన్నటి సూది ఉండాలి. లేదు. చిన్న గుంట ఉంది. రేడియో పెట్టె మీద మర వైపు చూసింది. అక్కడా గుంటే. గుంటకు ఎదురుగా గుంట. బయట మరలు ఒకదానికొకటి చక్కగా కలిశాయి, గట్టిగా బిగుసుకున్నాయి. లోపల మాత్రం ఏదీ దేన్నీ తాకడం లేదు. యాంటెనా అసలు లేనట్టే, అందుకే పక్కన ఉంటేనే వినబడింది.

మీటింగు గదిలోకి నడిచింది. అక్కడ కూర్చున్న ఇద్దరికీ "ఒక్క నిమిషం" అని చెప్పి కుర్చీ ఎక్కింది. రూటర్ యాంటెనాలకు ఎర్రటి పూజ దారం మూడేసి చుట్లు, చివర ముడి. దారం విప్పి, కర్ర తీసి చూసింది. దీని నడుమ సూది ఉంది. రూటర్ మర నడుమ కూడా సూదే. సూదికి ఎదురుగా సూది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇన్ని రోజులూ మరను పూర్తిగా బిగుసుకోనివ్వలేదు. రూటర్‌ది, రేడియోది బయటికి ఒకే కొలత. లోపల మాత్రం తయారుచేసినవాళ్లు ఒకదానికి ఒకటి తిరగేసి పెట్టారు.

"ఓంకార్, నీ పెట్టె మీది కర్ర పట్టుకొని రా," అంది కుర్చీ మీద నుంచే.

అతను తెచ్చి, తనే విప్పిన చివరను వెలుతురుకు పట్టాడు. అక్కడా గుంటే.

రూటర్ మీద ఉన్న రేడియో యాంటెనాల సూదులను భూతద్దంతో చూశారు. వంగలేదు. దారమే వాటిని కాపాడింది. భాగ్యమ్మ ఇంకో రెండు చుట్లు బలంగా తిప్పి ఉంటే విరిగేవి. నాలుగింటినీ వాటి వాటి చోట్ల బిగించారు. కృష్ణప్రియ కొత్త ప్రోగ్రాం తెరిచింది. పాతది కాదు, డాబా మీద రాసింది.

"పంపు."

మూడూ ఇరవై తొమ్మిది. ఎనిమిది నిమిషాలు. ఈసారి క్యాబులు లెక్కపెట్టలేదు. తెర ముందే నిలబడింది. వరుసలు ఒకదాని కింద ఒకటి పడుతూనే ఉన్నాయి. వందో ప్యాకెట్ దగ్గర ఓంకార్ వరండాలోంచి "వస్తున్నయా?" అన్నాడు. "మాట్లాడకు," అంది. ఐదు వందల దగ్గర కూర్చుంది. చివరి ప్యాకెట్ వచ్చాక తెర ఆగింది.

తొమ్మిది వందల తొంభై ఏడు.

వెయ్యికి మూడు పోయాయి. పొద్దున వచ్చినవి మూడు. కృష్ణప్రియకు ఒక్కదానికే నవ్వు వచ్చింది.

నాలుగుకు పది నిమిషాలు ఉన్నాయనగా ఇద్దరూ వెళ్లి ఆదర్శ్ గదిలో నిలబడ్డారు. అతను అంకె చూశాడు, తలూపాడు. "కారణం?"

ఆమె యాంటెనాలు చూపించి చెప్పింది. అతను రెండు కొసలనూ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇవి మార్చి పెట్టింది ఎవరండి?"

"పూజ అయినాక..." అని ఓంకార్ మొదలుపెట్టి ఆపేశాడు. గుమ్మం దగ్గర భాగ్యమ్మ ఖాళీ గ్లాసుల ట్రేతో నిలబడి ఉంది.

ఆదర్శ్ ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు. లెక్క తేల్చేసిన మనిషిలా చూశాడు. "పరికరాలు ముట్టుకోవద్దని ఏజెన్సీకి మొదటి రోజే చెప్పాం. ఫోన్ చేసి మనిషిని మార్పిస్తాను. రిపోర్టు పంపేయండి కృష్ణప్రియ గారూ. కారణం క్లియర్‌గా ఉంది. రిసీవర్ మనదే ఉంచుదాం."

గెలిచింది. ఏడు నెలల పని నిలబడింది. రిపోర్టు అప్పటికే సగం రాసి తెర మీద ఉంది. కారణం అన్న చోట ఒక వాక్యం. 'హౌస్‌కీపింగ్ సిబ్బంది యాంటెనాలను తారుమారు చేసి బిగించారు.' అందులో ప్రతి మాటా నిజమే. ఒక్క అబద్ధం లేదు. అయినా చివరి అంకె మాత్రం కలవడం లేదు.

కృష్ణప్రియ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఆ వాక్యం చెరిపేసింది. నిలబడే టైపు చేసి, తెరను ఆదర్శ్ వైపు తిప్పింది.

'పూజ కోసం యాంటెనాలు విప్పమన్నది నేను. రెండు రకాలు ఉన్నాయని ఎవరికీ చెప్పలేదు. తిరిగి బిగించాక నేను చూడలేదు. తర్వాత నాలుగు రోజులు అదే యాంటెనాను చేత్తో సరిచేస్తూ కూడా విప్పి చూడలేదు.'

ఆదర్శ్ చదివాడు. "ఇది క్లయింట్ చదువుతారండి. కింద మీ పేరుంటుంది."

"తెలుసు."

"రిసీవర్ రాసిన మనిషే యాంటెనా చూసుకోలేదంటే, రిసీవర్ మీద నమ్మకం పోదా?"

"పోవచ్చు. కానీ వంతెన కింద పెట్టె మనం తుడవం కదండి. అక్కడ కూడా భాగ్యక్క లాంటి వాళ్లే తుడుస్తరు. వచ్చే దసరాకు వాళ్లు కూడా బొట్టు పెడతరు. ముట్టుకోవద్దని బోర్డు పెడితే ఆగుతరా? ముట్టుకున్నా తప్పుగా బిగించలేకుండా మనమే చెయ్యాలె. మనిషిని మారిస్తే ఆ సంగతి మనకు ఎప్పటికీ తెలువదు."

ఓంకార్ ముందుకు వచ్చాడు. "రూటర్ ఊడదీసి తెచ్చింది నేను. నా పేరు కూడా రాయి. స్పెల్లింగు మంచిగ రాయి." తర్వాత కొంచెం ఆగి, అమాయకంగా అన్నాడు. "కొబ్బరికాయ కొట్టినోళ్ల పేరు రాయాలంటే మీ ఇష్టం ఆదర్శ్ గారూ."

ఆదర్శ్ గోడ గడియారం చూశాడు. నాలుగు దాటి రెండు నిమిషాలు. జేబులోంచి ఫోన్ తీశాడు. ఏజెన్సీకో, రిసీవర్ కంపెనీకో తెలియలేదు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"రిపోర్టు ఇలాగే పంపండి. కానీ గురువారం వంతెన దగ్గర క్లయింట్ అడిగే ప్రశ్నలకి మీరే నిలబడి జవాబు చెప్పాలి. నేను పక్కన ఉంటాను, మాట్లాడను."

"సరేనండి."

గుమ్మం దాటుతూ భాగ్యమ్మ దగ్గర ఆగాడు. ఏదో అనబోయి, "చాయ్ ఉందా అమ్మా?" అన్నాడు. "పెట్టుకొస్త సార్," అంది ఆమె.

మర్నాడు పొద్దున కృష్ణప్రియ లింగంపల్లి బజారులో రెండు గోళ్ల రంగు సీసాలు కొనుక్కొచ్చింది. ఎర్రది, పసుపుపచ్చది. సూది ఉన్న కర్రకు ఎర్ర చుక్క, అది ఎక్కాల్సిన పెట్టె మీద కూడా ఎర్ర చుక్క. గుంట ఉన్నదానికి పసుపు. వంతెన కింద పెట్టబోయే పరికరానికి అసలు విప్పలేని యాంటెనా పెట్టాలని ముందు రోజు రాత్రే కాగితం మీద గీసుకుంది. కానీ అది తయారవడానికి వారాలు పడుతుంది. గురువారం రేపే.

భాగ్యమ్మ బల్ల పక్కన నిలబడి ఆరుతున్న చుక్కలను చూసింది. "కుంకుమ, పసుపు లెక్కనే పెట్టినవ్. గీ పని పూజ నాడే చేస్తే అయిపోతుండె."

"అప్పుడు నాకు తట్టలే అక్కా. ఇటు రా, ఒకటి నువ్వు బిగించు."

భాగ్యమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. కర్ర అందుకుంది. చుక్క వైపు చూడలేదు. ముందు కొసను కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, లోపలికి చూసింది.

"సూది ఉన్నది," అంది. తర్వాత పెట్టె మరలోకి కూడా అలాగే వంగి చూసి, అప్పుడు మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.